సెల్లారులో పుట్టిన పిల్లికూనలను ఇంట్లో మచ్చిక చేయడం సాధ్యమేనా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. విజయవాడలో మీ అపార్టుమెంటు సెల్లారులో, జనరేటరు వెనుక, ఒక వీధిపిల్లి నాలుగు కూనలను పెట్టింది. తల్లి మనిషి అలికిడికే పారిపోతుంది. కూనలకు ఆరేడు వారాలు ఉంటాయని మీ అంచనా. దగ్గరకు వెళితే అవి బుసకొట్టి కార్ల కిందకు దూరుతున్నాయి. గోనెసంచిలో వేయించి ఊరి బయట వదిలిస్తామని అసోసియేషన్ వారు అంటున్నారు. మీ ఇంట్లో ఎనిమిదేళ్ళ బాబు, మీ అత్తగారు ఉన్నారు, మీరు శాకాహారులు. వీటిని ఇంటికి తెచ్చి మచ్చిక చేయవచ్చా, ఎంతకాలం పడుతుంది, బాబుకు ప్రమాదం ఉంటుందా అని అడిగారు.

సాధ్యమే. కూనల వయసు గురించి మీ అంచనా సరైనదైతే ఈ వారమే మొదలుపెట్టండి. నాలుగింటినీ ఒకేసారి పట్టుకుని, ఒక చిన్న గదిలో ఉంచి, తిండి మీ సమక్షంలోనే పెడుతూ, రోజూ కొద్దికొద్దిగా తాకుతూ వెళితే, ఈ వయసు కూనలలో ఎక్కువ శాతం రెండు నుంచి నాలుగు వారాలలో మనిషి ఒడిలోకి వస్తాయి. బాబుకు సంబంధించిన ప్రమాదాన్ని జాగ్రత్తలతో అదుపులో ఉంచవచ్చు, దాని గురించి కింద వివరంగా రాశాను. అయితే ఒక విషయం ముందే గట్టిగా చెప్పాలి. ఈ పని మొదలుపెడితే చివరిదాకా చేయాలి. సగం మచ్చికై మళ్ళీ వీధిలోకి వెళ్ళిన కూన, అసలు మచ్చిక కాని కూనకన్నా ఎక్కువ ప్రమాదంలో పడుతుంది. మనిషిని చూసి పారిపోవడం మానేసి ఉంటుంది, వీధిలో బతకడానికి తల్లి నేర్పవలసిన విద్య మాత్రం దానికి వచ్చి ఉండదు. ఒక కుటుంబం ఇలా పెంచిన కూనలను మధ్యలో విసిగి రైతుబజారు దగ్గర వదిలేస్తే, అవి మనుషుల కాళ్ళ మధ్యకే పరుగెత్తి రావడం, కుక్కలను చూసి కూడా కదలకపోవడం నేను చూశాను. వాటిలో మేము వెనక్కి తేగలిగింది ఒక్కదానినే. అందుకే కూనలను పట్టుకోకముందే, వచ్చే రెండు నెలలు ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో మీ అత్తగారితో సహా అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

వయసు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పిల్లికూన మెదడు కొత్త జీవులను తనవారిగా స్వీకరించే కాలం చాలా చిన్నది. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980ల ప్రాంతంలో చేసిన ప్రయోగాలు ఈ కాలం సుమారు రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఉంటుందని చూపాయి. ఆ వారాలలో మనుషుల చేతుల్లో ఎక్కువసేపు గడిపిన కూనలు పెద్దయ్యాక మనుషుల దగ్గరకు త్వరగా వచ్చాయి, ఎక్కువసేపు నిలిచాయి. ఏడు వారాలు దాటగానే తలుపు మూసుకుపోతుందని దీని అర్థం కాదు, కానీ ఆ తర్వాత ప్రతి వారమూ పని బరువవుతుంది. నా అనుభవంలో అయిదు వారాల కూన కొన్ని రోజులకే లొంగుతుంది, ఎనిమిది వారాలదానికి రెండు మూడు వారాలు కావాలి, మూడు నెలలు దాటినదానికి నెలలు పట్టవచ్చు, నాలుగు నెలలు దాటి ఎన్నడూ మనిషి చేయి ఎరుగని పిల్లి ఇంటి పిల్లిగా మారుతుందని మాట ఇవ్వలేను.

కాబట్టి వయసును సరిగ్గా చూసుకోండి. నీలంగా ఉన్న కళ్ళ రంగు ఆరేడు వారాల దగ్గర మారడం మొదలవుతుంది. నోటి ముందరి పళ్ళు, కోరలు మూడు నాలుగు వారాలకు వస్తాయి. దవడ వెనుక పళ్ళు అయిదారు వారాలకు కనిపిస్తాయి. బాగా తిన్న కూన నాలుగు వారాలకు సుమారు 450 గ్రాములు, ఎనిమిది వారాలకు సుమారు 900 గ్రాములు తూగుతుంది. వీధి కూనలు ఆకలితో బరువు తక్కువ ఉంటాయి కనుక, బరువుకన్నా పళ్ళనే ఎక్కువ నమ్మాలి. ఒకవేళ అవి నాలుగు వారాలలోపువని తేలితే తల్లి దగ్గరే ఉంచండి, మీరు తల్లికి మాత్రం తిండి పెట్టండి. తల్లి కొంతసేపు కనబడకపోయినంత మాత్రాన అనాథలని అనుకోకూడదు. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దవాళ్ళు అన్నది ఊరికే కాదు. చోటు అలజడిగా ఉందనిపిస్తే అది ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని మార్చేస్తుంది, ఆ మధ్యలో మిగిలినవి ఒంటరిగా కనిపిస్తాయి. ఈ కారణంగానే మీరు జనరేటరు వెనుకకు పదేపదే తొంగిచూడటం, బాబును తీసుకెళ్ళి చూపించడం మానుకోవాలి.

పట్టుకోవడం. చేత్తో వెంటబడి పట్టుకోవద్దు. ఒకటి దొరికి మూడు తప్పించుకుంటే, ఆ రాత్రికే తల్లి చోటు మారుస్తుంది. కొన్ని రోజులపాటు ఒకే వేళకు, ఒకే చోట తడి ఆహారం పెట్టండి. సెల్లారులో బండ్లు కదలని తెల్లవారుజాము మంచి వేళ. తర్వాత ఆ గిన్నెను తలుపు తెరిచి ఉన్న పెద్ద క్యారియరు (పిల్లులను తీసుకెళ్ళే పెట్టె) లోపలికి కొద్దికొద్దిగా జరుపుతూ వెళ్ళండి. కూనలన్నీ లోపల తింటున్న రోజున, తలుపుకు కట్టిన తాడును దూరం నుంచి లాగి మూసేయండి, వెంటనే పైన దుప్పటి కప్పండి; చీకటిలో అవి నెమ్మదిస్తాయి. ఏదైనా కూన ఇంజను కిందకు దూరిందేమోనన్న అనుమానం ఉంటే, ఆ కారు యజమానికి ముందే చెప్పి బానెట్ తెరిపించి చూడండి. చేతులకు మందమైన తొడుగులు వేసుకోండి. భయపడిన కూన సూదుల్లాంటి పళ్ళతో లోతుగా కొరుకుతుంది.

గది. పెద్ద ఇల్లు ఇవ్వడమే ప్రేమ అని చాలామంది అనుకుంటారు, కానీ భయపడే కూనకు పెద్ద చోటు శత్రువు. హాల్లో వదిలితే ఫ్రిజ్ వెనుక, వాషింగ్ మెషీన్ అడుగున, మంచం కింద వారాల తరబడి దాక్కుంటుంది, మీ మొహం చూడకుండానే పెద్దదవుతుంది. రెండో బాత్రూము లేదా తలుపున్న చిన్న గది చాలు. అదీ లేకపోతే పెద్ద కుక్కల బోను సరిపోతుంది. బాత్రూము అయితే కమోడు మూత వేయండి, బకెట్లలో నీళ్ళు ఉంచకండి, ఎందుకంటే కూనలు బకెట్లో పడి చనిపోవడం నిజంగా జరుగుతుంది. నీళ్ళు పోయే జాలీ గట్టిగా ఉందో లేదో చూడండి. ఫినాయిల్, డెటాల్ వంటివి ఆ గదిలో వాడకండి. ఫినాల్ జాతి రసాయనాలను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ; తడి నేల మీద నడిచి పాదాలు నాక్కున్నా విషమవుతుంది. బీరువాలో వేసే కలరా ఉండలు కూడా ప్రమాదమే. మామూలు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెడితే చాలు.

లోపల ఒక అట్టపెట్టెకు గుమ్మం కోసి, పాత నూలు చీర పరిచి పెట్టండి. దాక్కోవడానికి చోటు ఉండాలి, అయితే పైమూత తీసి మీరు అందుకోగలిగేలా ఉండాలి. మలమూత్రాల కోసం రెండు మూడు అంగుళాల అంచున్న ప్లాస్టిక్ ట్రేలో జల్లించిన శుభ్రమైన ఇసుక పోసి, తిండిగిన్నెకు దూరంగా ఒక మూల ఉంచండి. ఇసుకకు బదులుగా షాపుల్లో అమ్మే లిట్టరులో తడి తగిలితే గడ్డకట్టే రకం ఈ వయసుకు వద్దు. కూనలు దాన్ని రుచి చూస్తాయి, కడుపులో అది ఉబ్బుతుంది. ట్రే వాడటం ఎవరూ నేర్పనక్కరలేదు. మట్టి, ఇసుక కనబడితే వాటికవే తవ్వుకుంటాయి.

ఇక తిండి విషయం. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆలోచన కలిగించినది ఇదే. పిల్లి మాంసం తప్పనిసరిగా కావలసిన జీవి. టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం తగినంతగా తయారుచేసుకోలేదు; అది మాంసం, చేపల నుంచే రావాలి. అది లోపిస్తే కంటిచూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పెరుగన్నం, పాలు అన్నం పెట్టి పిల్లిని పెంచుతున్నామని చెప్పే ఇళ్ళలో ఆ పిల్లి బయట ఎలుకలను పట్టుకోవడం వల్ల బతుకుతూ ఉంటుంది. గదిలో ఉన్న కూనకు ఆ దారి లేదు. ఆవు పాలు, గేదె పాలు కూడా పెట్టకండి. వాటిలోని చక్కెరను చాలా కూనలు జీర్ణం చేసుకోలేక విరేచనాలతో నీరసించిపోతాయి. మీరు మాంసం వండనక్కరలేదు. కూనల కోసమే తయారైన పొడి ఆహారం, తడి ఆహారపు సాచెట్లు ఏ పెట్ షాపులోనైనా దొరుకుతాయి, వాటికి విడిగా ఒక గిన్నె, చెంచా పెట్టుకుంటే చాలు. అయితే ఆ సాచెట్లలో ఉండేది కోడి, చేప. మీ అత్తగారికి ఇది మనసుకు కష్టమైతే ఆమె మాటను గౌరవించండి, కూనలను వేరే ఇంట్లో ఉంచి మీరు అక్కడికి వెళ్ళి సాయం చేయండి. తిండి విషయంలో రాజీపడి కూనలను పెంచడం మాత్రం సరికాదు.

రోజుకు నాలుగు పూటలు పెట్టండి. వంటింటి త్రాసు ఉంటే రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. ఈ వయసులో రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే కనిపెట్టి ఉండండి, రెండో రోజూ పెరగకపోయినా, తగ్గినా డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

మచ్చిక చేసే పద్ధతి. మొదటి రోజు ఏమీ చేయకండి. తిండి, నీళ్ళు పెట్టి, మీరు కట్టి విడిచిన బట్ట ఒకటి పెట్టె పక్కన వేసి బయటకు వచ్చేయండి. వాసన ద్వారానే అవి మిమ్మల్ని ముందు తెలుసుకుంటాయి. రెండో రోజు నుంచి ప్రతి పూటా మీరు గదిలో నేల మీద కూర్చున్నాకనే గిన్నె కింద పెట్టాలి. నిలబడి ఉన్న మనిషి కూనకు కొండంత కనిపిస్తాడు, కూర్చుంటే ఆ భయం సగం తగ్గుతుంది. మొదట గిన్నె మీకు దూరంగా, తర్వాత పూటపూటకూ కొంచెం దగ్గరగా, చివరికి మీ మోకాలి పక్కకు రావాలి. కొన్ని మీ ముందు తినవు. అప్పుడు పంతానికి పోయి గిన్నె తీసేయకండి. కాసేపు కూర్చుని, గిన్నె అక్కడే వదిలి బయటకు రండి. కూన ఒంట్లో చక్కెర నిల్వలు చాలా తక్కువ. ఆకలితో లొంగదీయాలని చూస్తే చచ్చిపోతుంది. మామూలు తిండి ఎప్పుడూ అందుతూ ఉండాలి. అన్నిటికన్నా రుచికరమైనది మాత్రం మీ చేతి నుంచే రావాలి, నేను అనుసరించే నియమం ఇదే.

ఆ రుచికరమైనదానికి క్రీములా పిండుకునే పిల్లుల ట్రీట్లు బాగా పనికొస్తాయి. మొదట పొడవాటి చెంచా చివర రాసి అందించండి. కూన బుసకొడుతూనే ముందుకు వచ్చి నాకుతుంది. తర్వాత పొట్టి చెంచా, ఆ తర్వాత మీ వేలు. వేలు నాకిన కూన ఆ రోజుతో ఒక పెద్ద గీత దాటినట్టే. అది నాకుతున్నప్పుడు రెండో చేతి వేలితో చెంప పక్క నుంచి, గడ్డం కింద మెల్లగా నిమరండి. తల పైనుంచి చేయి దించకండి, గద్ద వచ్చినట్టు బెదిరిపోతుంది. చేతిని అసలు సహించని కూనకు మెత్తని టూత్‌బ్రష్‌ను పుల్లకు కట్టి, దానితో మెడ, బుగ్గ దువ్వుతాను. తల్లి నాలుక గరుకును అది పోలి ఉంటుందేమో, బుసకొట్టే కూన కూడా కళ్ళు మూసుకుని మెడ చాపడం ఎన్నోసార్లు చూశాను.

కళ్ళలోకి తదేకంగా చూడకండి. పిల్లుల లోకంలో అది బెదిరింపు. మెల్లగా కళ్ళు సగం మూసి తెరవండి. 2020లో బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలా మెల్లగా రెప్పవేసిన మనిషికి పిల్లులు తామూ రెప్పవేసి బదులిస్తాయని, కొత్త మనిషి దగ్గరకైనా రావడానికి ఎక్కువ ఇష్టపడతాయని చూపారు. ఆ పరిశోధన రాకముందు కూడా పిల్లులను పెంచేవారంతా చేస్తున్న పనే ఇది.

బుస గురించి ఒక మాట. మీరు దాన్ని కోపమని అనుకుంటున్నారు. అది భయం. పాము బుసను అనుకరించినట్టుండే ఆ శబ్దంతో, దగ్గరకు రావద్దని అరచేతిలో పట్టేంత ప్రాణి వేడుకుంటోంది. దానికి అరవడం, ముక్కు మీద కొట్టడం, మెడ పట్టి ఎత్తి ఊపడం చేస్తే ఆ భయం నిజమేనని మీరే రుజువు చేసినట్టవుతుంది. బుసకొట్టినప్పుడు చేయి వెంటనే లాగేసుకోకండి కూడా. బుసకొడితే చేయి పోతుందని నేర్చుకుంటుంది. చేతిని ఉన్నచోటే కదపకుండా ఉంచి, అది ఆగాక మెల్లగా తీయండి.

తాకనిచ్చాక ఎత్తుకోవడం. రొమ్ము కింద ఒక చేయి, వెనుక కాళ్ళ కింద మరో చేయి వేసి మీ ఒంటికి ఆనించి పట్టుకోండి. కాళ్ళు గాలిలో వేలాడితే అది గిజగిజలాడుతుంది. పెనుగులాడేవాటిని మెత్తని తువ్వాలులో తల మాత్రం బయటకు ఉండేలా చుట్టి, ఒడిలో పెట్టుకుని, క్రీము నాకిస్తూ కొద్ది నిమిషాలు కూర్చోండి. విసుగు మొదలు కాకముందే దించేయాలి. ఒక్కసారి గంటసేపు బలవంతంగా పట్టుకోవడంకన్నా రోజంతా పలుమార్లు పది పదిహేను నిమిషాల చొప్పున గడపడం మేలు. ఏదో ఒక రోజు మీ ఒడిలో దాని గొంతులోంచి గుర్రుమనే ధ్వని మొదలవుతుంది. అయితే నొప్పితో ఉన్న పిల్లి కూడా గుర్రుమంటుంది కనుక, ఒళ్ళు వదులుగా ఉందా, తింటోందా అన్నది కలిపి చూడాలి.

చేతిని ఆటవస్తువు చేయకండి. ఇప్పుడు ముద్దుగా ఉండే కొరుకుడు ఆరు నెలలకు రక్తం తీస్తుంది. పుల్లకు దారం, దారానికి గుడ్డముక్క కట్టి ఆడించండి, ఆట అయిపోయాక ఆ దారాన్ని తీసి దాచేయండి; మింగితే పేగులకు చుట్టుకుంటుంది. దగ్గరకు రాని కూనను తెచ్చేది తరచుగా తిండికన్నా ఈ ఆటే.

ఒకే ఈతలో పుట్టినవే అయినా నాలుగూ ఒకేలా ఉండవు. తండ్రి ధైర్యస్వభావం కూనలకు వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. తండ్రిపిల్లి కూనల మొహం కూడా చూడదు కనుక అది రక్తంలోనే వచ్చిన గుణం అనుకోవాలి. పైగా ఒక ఈతలోని కూనలకు వేర్వేరు తండ్రులు ఉండవచ్చు. అందుచేత ఒకటి మూడో రోజుకే మీ కాలికి రాసుకుంటే, ఇంకొకటి పెట్టె వెనుక మూల వదలదు. నాలుగూ కలిసి ఉన్నంతకాలం పిరికిది తోబుట్టువుల వెనుక దాక్కుంటుంది. వారం గడిచినా మారకపోతే జంటలుగా విడదీయండి: ధైర్యం ఉన్నదానితో ఒక పిరికిది. అప్పటికీ మారనిదాన్ని కొన్ని రోజులు మీరు పడుకునే గదిలో బోనులో ఒంటరిగా ఉంచండి. తోడుకోసం దానికి మీరే మిగులుతారు. నేను పెంచిన ఒక బూడిదరంగు కూన తోబుట్టువుల మధ్య ఉన్నంతకాలం గోడకు అంటుకుపోయి ఉండేది. విడిగా ఉంచాక, నేను పుస్తకం చదువుకుంటుంటే వచ్చి పాదం మీద గడ్డం ఆనించింది. తర్వాత మళ్ళీ తోబుట్టువులతో కలిపినా ఆ చనువు పోలేదు.

మీ ఇంట్లో అందరూ ఈ పనిలో పాలుపంచుకోవాలి. ఒక్కరి చేతిలోనే పెరిగిన కూన ఆ ఒక్కరికే మచ్చికవుతుంది, అతిథి రాగానే మాయమవుతుంది. మీ బాబు రోజూ పాఠం ఆ గది నేల మీద కూర్చుని పైకి చదివితే చాలు, పిల్లల గొంతుకు అవి అలవాటు పడతాయి. మిక్సీ, కుక్కరు విజిల్, టీవీ చప్పుళ్ళు మొదట దూరం నుంచి వినిపించనివ్వండి. దీపావళి దగ్గరలో ఉంటే మాత్రం కిటికీలు మూసి, దాక్కునే పెట్టెల మీద దుప్పట్లు కప్పి ఉంచండి.

డాక్టరు, టీకాలు, బాబు భద్రత. పట్టుకున్న మొదటి రెండు రోజులలోనే పశువైద్యుడికి చూపించండి. మీకు దగ్గరలో గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. హైదరాబాదులో ఉన్నవారికి నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. వీధి కూనల కడుపులో నట్టలు దాదాపు తప్పనిసరిగా ఉంటాయి. నట్టల మందు బరువును బట్టి ఇచ్చి, రెండు వారాలకోసారి మళ్ళీ ఇస్తారు. బొచ్చులో గెంతే ఫ్లీలు రక్తం పీల్చి చిన్న కూనలను పాలిపోయేలా చేస్తాయి. వాటికి కుక్కల మందు పొరపాటున కూడా వాడకండి, వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ అనే రసాయనం పిల్లులకు ప్రాణాంతకం. జ్వరమని పారాసిటమాల్ ముక్క వేయడం కూడా అంతే, చిన్న మోతాదైనా పిల్లిని చంపుతుంది. చిగుళ్ళు పాలిపోవడం, కళ్ళు పుసులతో అంటుకుపోవడం, వాంతులు, నెత్తురు విరేచనాలు, ఒళ్ళు చల్లబడటం కనబడితే తెల్లవారేదాకా ఆగకండి. ఒళ్ళు చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం ఇవ్వాలి, తర్వాతే తిండి.

పాన్‌ల్యూకోపీనియా (కూనల ప్రాణం తీసే అంటువ్యాధి), పిల్లుల జలుబు వైరస్‌లకు కలిపి ఇచ్చే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాల దాకా సాగుతుంది. రేబిస్ టీకా పన్నెండు వారాలకు. ఇంట్లో లేదా పక్కింట్లో వేరే పిల్లి ఉంటే కనీసం రెండు వారాలు కలపకండి. పాన్‌ల్యూకోపీనియా వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది, మీ చెప్పులతో కూడా ప్రయాణిస్తుంది.

రేబిస్ విషయంలో నేను ఎవరికీ సర్దిచెప్పను. మన దేశంలో అది కుక్కల వల్లే ఎక్కువగా వస్తుంది, కూనలలో అరుదు. కానీ వచ్చాక మందు లేని జబ్బు. కొరికినా, గీరినా వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. చిన్న గీతే కదా అని దాచకూడదు. మీ బాబుకు ఇది ముందే నేర్పండి. గీత పడితే ఎవరూ తిట్టరని, చెప్పకపోతేనే తప్పని అతనికి స్పష్టంగా తెలియాలి. బుసకొట్టే దశ పూర్తిగా దాటేదాకా అతను కూనలను తాకకుండా దూరంగా కూర్చుని చెంచాతో మాత్రమే తినిపించాలి. కూనల పని చేసే పెద్దవాళ్ళు ముందస్తు రేబిస్ టీకా గురించి డాక్టరును అడగవచ్చు. మనుషులకు అంటుకునే మరో జబ్బు తామర. కూన చెవుల మీద, ముక్కు దగ్గర గుండ్రంగా బొచ్చు రాలితే చూపించండి. ఇంట్లో ఎవరైనా గర్భవతి ఉంటే ఇసుక ట్రే పని ఆమెకు ఇవ్వకూడదు. ట్రేలోని మలాన్ని రోజూ తీసేస్తే టాక్సోప్లాస్మా (పిల్లి మలం ద్వారా వ్యాపించి, కడుపులోని బిడ్డకు హాని చేసే పరాన్నజీవి) ప్రమాదం చాలా తగ్గుతుంది, ఎందుకంటే దాని గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి ఒక రోజైనా పడుతుంది.

తల్లిపిల్లిని మరచిపోకండి. దాన్ని మచ్చిక చేయాలని ప్రయత్నించకండి. పెద్దయిన అటువంటి పిల్లికి గది అంటే జైలే. కానీ పాలిస్తున్న పిల్లి కూడా మళ్ళీ చూలు కట్టగలదు. కడుపులో కూనలు పెరిగేది రెండు నెలలు మాత్రమే. అంటే ఇప్పుడు వదిలేస్తే కొద్ది నెలల్లో అదే జనరేటరు వెనుక ఇంకో ఈత చూస్తారు. కూనలను తీసుకున్నాక పాలు తగ్గేందుకు వ్యవధి ఇచ్చి, బోనుతో పట్టించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, అది అయిందని తెలిసేలా చెవి కొన గుర్తు పెట్టించి, మళ్ళీ అదే సెల్లారులో వదలాలి. అక్కడ ఉన్న పిల్లి ఎలుకలను అదుపులో ఉంచుతుందని, మళ్ళీ పిల్లలు పెట్టదని మీ అసోసియేషన్ వారికి చెప్పండి. గోనెసంచి ఆలోచన గురించి కూడా నిదానంగా చెప్పండి: జంతువును ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరం. ఈ మాట కాగితం మీద రాసి ఇస్తే చాలాచోట్ల వాదన అక్కడితో ఆగుతుంది.

దత్తత విషయానికి వస్తే, కూనలను జంటలుగా ఇవ్వడానికి ప్రయత్నించండి. ఒకదానికొకటి తోడుంటే కొత్త ఇంట్లో త్వరగా కుదురుకుంటాయి, ఇంటివారి చేతులనూ తక్కువ కొరుకుతాయి. వచ్చేవారిని మొహమాటం లేకుండా అడగండి: బాల్కనీకి, కిటికీలకు వల ఉందా, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, నెలలు నిండగానే ఆపరేషను చేయిస్తారా. ఆడకూన నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు కనుక చివరి ప్రశ్నను వదలకండి. మీ నాలుగింటిలో ఒకటి నల్లదని రాశారు. శకునం పేరుతో నల్లకూనను కాదనేవారు మన దగ్గర ఇంకా ఉన్నారు, దానికి ఇల్లు దొరకడం ఆలస్యమవుతుంది. అలాంటి కూనను బతిమాలి ఎవరికీ ఇవ్వకండి. ఇష్టపడి అడిగేవారు వచ్చేదాకా మీ దగ్గరే ఉంచండి.

ఎంత శ్రమపడినా ఒకటి ఒడిలోకి రాకపోవచ్చు. మనుషులు ఉన్న గదిలో తిని, నిద్రపోయి, పారిపోకుండా ఉంటే అది కూడా ఇంటి పిల్లే. చేపల మార్కెట్ నుంచి వచ్చిన నాలుగు నెలల పిల్లి ఒకటి నా దగ్గర ఎప్పుడూ ఎత్తుకోనివ్వలేదు. పిల్లలు విదేశాల్లో ఉన్న ఒక వృద్ధ దంపతులు విషయమంతా తెలిసే దాన్ని తీసుకున్నారు. అది ఇప్పటికీ ఎవరి ఒడిలోకీ ఎక్కదు, కానీ వారు ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి వచ్చి కూర్చుంటుంది. అటువంటి కూన గురించి దాచకుండా చెప్పి, ఓపిక ఉన్నవారికే ఇవ్వాలి.

కూనను పంపేటప్పుడు అది పడుకున్న పాత చీరను, అలవాటైన ఆహారాన్ని, కొంచెం వాడిన ఇసుకను కూడా ఇవ్వండి. కొత్త ఇంట్లో మొదటి వారం మళ్ళీ ఒకే గదిలో ఉంచమని చెప్పండి. మీ దగ్గర చనువుగా తిరిగిన కూన అక్కడ తొలి రోజుల్లో మళ్ళీ బుసకొట్టవచ్చు. అది మామూలే, ఈసారి ఆ బెరుకు పోవడానికి వారాలు పట్టదు. ముందు ఈ వారంలో కూనల పళ్ళు కనిపించేలా ఒక ఫొటో తీయగలిగితే పెట్టండి, వయసు చూసి చెబుతాను.